కొసరు కట్ట

బుట్ట పైకి వచ్చింది. అందులో కొసరు కట్ట లేదు.

నున్సియా బాల్కనీ కమ్మీకి నడుం ఆనించి, తాడు కొసను చేతికి చుట్టుకుని, బుట్టలో బఠాణీ కాయలను ఒక పక్కకు తోసింది. నిమ్మకాయలు రెండూ ఎత్తి చూసింది. ఉల్లికాడల కింద చూసింది. అడుగున పరిచిన పాత పేపరు కూడా ఎత్తి చూసింది. పార్స్‌లీ నాలుగు రెమ్మలు, సెలరీ కాడ ఒకటి, వేలెడు క్యారెట్టు కలిపి దారంతో కట్టిన పిడికెడు ఆకు, ముప్ఫై ఏళ్ళుగా అడక్కుండానే వచ్చే ఆ కట్ట, ఎక్కడా లేదు.

"మూడో రోజు," అంది లోపలికి వినబడేట్టు.

వంటింటి బల్ల దగ్గర తొమ్మాసో పేపర్లోంచి తల ఎత్తలేదు. "మరిచిపోయి ఉంటాడులే."

"ఒక రోజు మరిచిపోతాడు. మూడు రోజులు మరిచిపోతాడా? వాళ్ళమ్మను మట్టిచేసిన మర్నాడు కూడా వేశాడు కొసరు."

"అయితే మరిచిపోలేదు."

"అదేగా నేనంటున్నది."

"మరింకేం? ఇద్దరం ఒకటే అంటున్నాం."

నున్సియా బుట్టను బల్ల మీద దబ్బున పెట్టింది. ఈ మనిషితో నలభై ఏళ్ళు ఎలా కాపురం చేసిందో ఆమెకు ఒక్కోసారి అర్థమయ్యేది కాదు.

క్రిస్మస్ వెళ్ళాక ఆమెకు తుంటి ఆపరేషన్ జరిగింది. మార్చి నుంచి చేతికర్రతో మెట్లు దిగవచ్చని డాక్టరు అన్నాడు. మెట్లు తడిగా ఉంటే, కర్ర జారితే, రెండో తుంటి కూడా పోతే. ఈ మూడూ వరసగా కళ్ళకు కట్టి ఆమె ఇంతవరకూ గడప దాటలేదు. తొమ్మాసోకు ఆయాసం. కాఫీకి కిందికి దిగితే ప్రతి అంతస్తులోనూ ఆగి ఆగి ఎక్కుతాడు. సంచీతో ఎక్కితే మధ్యలో గుండె ఆగిపోతుందని ఆమె భయం. కాబట్టి ఈ ఇంటికీ కిందనున్న నేపుల్స్ పట్టణానికీ మధ్య మిగిలిన దారి ఈ తాడొక్కటే. తాడు కింద అనియెల్లో కూరల బండి.

లోపలి గదిలోంచి ఇవానా వచ్చింది. సందు మొదట్లో కొత్తగా తెరిచిన సూపర్‌మార్కెట్లో క్యాషియరు. ఆకుపచ్చ కోటుకు గుండీలు పెట్టుకుంటోంది.

"ఏంటమ్మా, పొద్దున్నే పంచాయతీ?"

"అనియెల్లో కొసరు వెయ్యటం లేదు."

"పార్స్‌లీయేగా? మధ్యాహ్నం నేను తెస్తాలే. మా దగ్గర డబ్బాలో వస్తుంది. కడిగి, తరిగి."

"తరిగా? ఎవరు తరిగారు?"

"మెషీను."

"ఎప్పుడు తరిగింది?"

"అది నాకు చెప్పదమ్మా."

తొమ్మాసో పేపరు వెనక నవ్వాడు. నున్సియా నవ్వలేదు.

"వెళ్ళేటప్పుడు కనపడతాడుగా. నిన్ను పలకరిస్తున్నాడా?"

ఇవానా పై గుండీ పెట్టుకుంటూ ఉండిపోయింది. అది పెట్టడం అయిపోయాక కూడా వేళ్ళు అక్కడే ఉన్నాయి.

"నేను చర్చి వైపు నుంచి వెళ్తున్నా."

"చుట్టూ తిరిగా? ఎందుకూ?"

"అటు నీడగా ఉంటుంది."

"ఏప్రిల్లో నీడెందుకే?"

"టైమైంది," అంటూ ఇవానా తల్లి చెంప మీద ముద్దుపెట్టి వెళ్ళిపోయింది. చెప్పులు నాలుగు అంతస్తులూ టకటకమంటూ దిగడం నున్సియా చివరి మెట్టు దాకా విన్నది. పడలేదు.

ఇవానాకు ఇరవై తొమ్మిది. ఆరేళ్ళు ఒక సెలూన్లో తలలు కడిగింది. రెండు వేసవులు హోటల్లో దుప్పట్లు మార్చింది. ఒక్కచోటా ఎవరూ ఉద్యోగమని కాగితం మీద రాసివ్వలేదు. సూపర్‌మార్కెట్టు వాళ్ళు ఫిబ్రవరిలో మూడు నెలలు చూస్తామన్నారు. నచ్చితే పర్మినెంటు. ఆ ఉద్యోగం కోసం నున్సియా ఇంట్లో మాత బొమ్మ ముందు తొమ్మిది రోజులు దీపం పెట్టింది. మూడు నెలలూ ఈ నెలాఖరుతో అయిపోతాయి.

"ఉద్యోగంలో చేరిందని అలిగాడా అంటే, చేరి ఇన్నాళ్ళయింది. మొన్నటిదాకా కొసరు వేశాడు," అంది నున్సియా, బఠాణీలు ఒలుస్తూ.

"ఇల్లు జీతం వచ్చే ఇల్లయింది కదా. ఇంకా ఉచితంగా ఎందుకని అనుకున్నాడేమో," అన్నాడు తొమ్మాసో.

ఆయన ఊరికే అన్నాడు. ఆమె ఒలవడం ఆపేసింది.

*

మర్నాడు బండి అరుపు వినబడగానే నున్సియా చీటీ రాసింది. రెండు కిలోల బఠాణీ, ఒక కిలో కొత్త బంగాళాదుంపలు. కింద ఇంకో మాట కలిపింది: "కొసరు కట్టకు ఈ యూరో."

నాణెం చీటీలో మడిచి బుట్టలో పెట్టి తాడు వదిలింది.

బుట్ట మూడో అంతస్తు దాటాక ఆమెకు ఏదో తోచింది. కొసరుకు ఆ సందులో ఎవరూ డబ్బివ్వరు. ఇస్తే, మనకూ మీకూ ఇక చుట్టరికం లేదు, సరుకుకు సరుకు డబ్బుకు డబ్బు అని చెప్పినట్టు. ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు, అక్కడ పుట్టినవాళ్ళందరికీ తెలుసు. ఆమె అక్కడే పుట్టింది. కాని అప్పటికి బుట్ట రెండో అంతస్తు కూడా దాటింది, తాడు ఆగితే అందరూ తలెత్తి చూస్తారు.

అనియెల్లో చీటీ చదివాడు. నాణెం అరచేతిలో పెట్టుకున్నాడు. తలెత్తి చూశాడు.

"అనియెల్లో! అది నేను..." అంది నున్సియా పైనుంచి.

అతను బండి మీదున్న పార్స్‌లీ మోపు మొత్తం ఎత్తి బుట్టలో కుక్కాడు. సెలరీ కాడలన్నీ పెట్టాడు. బాసిల్ ఉన్నదంతా పెట్టాడు. అంచు దాటి ఆకులు వేలాడుతుంటే అన్నిటి మీదా, అందరికీ కనబడేట్టు, నాణెం పెట్టాడు. తాడును ఒకసారి గుంజాడు. బఠాణీ లేదు, బంగాళాదుంప లేదు.

తర్వాత బండి తోసుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు. పక్కింటి కింద ఆగాడు. అరిచాడు. "చక్కెర బఠాణీ! పొద్దున కోసిన బఠాణీ!"

రెండో అంతస్తు బాల్కనీలోంచి అమేలియా మెడ పైకి తిప్పింది. ఆమె మెడ ఎటైనా తిరుగుతుంది.

"నున్సియా! ఏం చేశావే తల్లీ? కొసరుకు డబ్బు పంపావా?"

"పొరపాటయింది అక్కా."

"అయ్యయ్యో. అసలే వాడు మండిపోయి ఉన్నాడు. శనివారం పోలీసులొచ్చి మూడు పెట్టెలు ఎత్తుకుపోయారు, నీకు తెలీదూ?"

"పోలీసులా? ఎందుకు?"

"బండి ఆపి అరుస్తున్నాడని ఫిర్యాదు వెళ్ళిందిట. ఎక్కణ్ణుంచో కాదు, మన సందులోంచే వెళ్ళిందిట."

"ఎవరు చేశారూ?"

అమేలియా నోరు తెరిచింది, మూసింది. "నాకేం తెలుసమ్మా. నేను బట్టలు ఆరేసుకుందామని వచ్చాను," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె చేతిలో బట్టలు లేవు.

నున్సియా బుట్ట లోపలికి తీసుకుంది. చర్చి వైపు నీడ గుర్తొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పోలీసులు దాన్ని కూడా పిలుస్తారా?" అని అడిగింది తొమ్మాసోను.

"దేన్ని?"

"ఏం లేదు."

తొమ్మాసో పార్స్‌లీ మోపు వంక చూశాడు. "ఇదంతా ఏం చేస్తావే?"

ఆమె మోపు ఎత్తి సింకులో నీళ్ళలో వేసింది.

*

రెండున్నరకు తలుపు గంట మోగింది. ఆ వేళ గంట మోగితే ఆసుపత్రి నుంచే అని నున్సియా నమ్మకం. సింకులో నీళ్ళు వదిలేసి, చేతులు తుడుచుకోకుండానే తలుపు తీసింది.

అనియెల్లో. టోపీ చేతిలో ఉంది. నాలుగు అంతస్తులెక్కి రొప్పుతున్నాడు.

ఆమె అతన్ని ఇన్నేళ్ళూ ఎక్కువగా పైనుంచే చూసింది. నడినెత్తిన జుట్టు ఎప్పటినుంచి పలచబడిందో ఆమెకు తెలుసు. కళ్ళు తేనెరంగులో ఉంటాయని ఎప్పుడూ గమనించలేదు.

"రా, రా. కూర్చో. కాఫీ పెడతాను."

"వద్దు నున్సియా."

తొమ్మాసో పేపరు మడిచి పక్కన పెట్టాడు. కాఫీ వద్దన్న మనిషి మాట తేలిగ్గా ఉండదని ఆయనకూ తెలుసు.

అనియెల్లో కుర్చీ అంచున కూర్చున్నాడు. సింకులో తేలుతున్న పార్స్‌లీ వంక చూశాడు.

"పొద్దున నేను చేసింది బాగాలేదు," అన్నాడు.

"ముందు నేను చేశాను. ఆ యూరో భయపడి వేశాను."

"దేనికి భయం?"

"దేనికని చెప్పను? నువ్వెందుకు అలిగావో తెలీలేదు."

"తెలీదా?" అని అతను ఆమె ముఖంలోకి చూశాడు. కాసేపు చూశాక, తెలియదన్నది నిజమే అనుకున్నట్టు తల దించుకున్నాడు. "అయితే నేను ఇన్నాళ్ళూ తప్పుగా అనుకున్నాను. నీకు చెప్పే చేసిందనుకున్నాను."

జేబులోంచి రెండు కాగితాలు తీశాడు. మొదటిది మునిసిపాలిటీ నోటీసు, దాని కింద ఫిర్యాదు నకలు. విప్పి, చేతి దూరాన పట్టుకుని ఫిర్యాదు చదివాడు.

"'పొద్దున ఏడు నుంచి కూరల బండి అరుపుల వల్ల మా ఇంట్లో నిద్ర ఉండటం లేదు. కుళ్ళిన ఆకు సందులో పారబోస్తున్నాడు. దారికి అడ్డంగా బండి ఆపుతున్నాడు. స్కాలెల్లా సందు, పద్నాలుగో నంబరు, నాలుగో అంతస్తు.'" అతను కాగితం దించాడు. "నాలుగో అంతస్తులో మీరు తప్ప ఇంకెవరున్నారు?"

తొమ్మాసో చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వు."

ఆయన పైనుంచి కింది దాకా చదివాడు. సంతకం దగ్గర ఆగాడు. అది ఆయన ఇంటిపేరే. ఇవానా రుయోక్కో. చిన్నప్పుడు ఆయనే చెయ్యి పట్టి రాయించిన ఆర్ అక్షరం, దాని తోక పొడుగ్గా.

సింకులో కుళాయి కారుతోంది. నున్సియా లేచి దాన్ని కట్టేసి వచ్చింది.

"వాళ్ళ మేనేజరు రాయించి ఉంటాడు," అంది.

"ఉంటాడు. అక్కడ పనిచేసేవాళ్ళలో ఈ సందులో ఉండేది ఈ పిల్లొక్కతే. సందువాళ్ళు రాస్తేనే మునిసిపాలిటీ వింటుంది." అనియెల్లో గొంతు పెంచలేదు. "గురువారం పిలిచారు. ఫిర్యాదు నిలబడితే నేనిక ఈ సందులో బండి ఆపడానికి లేదు. నడుస్తూ అమ్ముకోవాలి. నడిచే బండికి బుట్ట ఎలా దింపుతావు?"

రెండో కాగితం బల్ల మీద పరిచాడు. పేరు, సంతకం, అడ్రసు, మూడు గడులు. పదకొండు పేర్లున్నాయి. అమేలియాది మొదటిది.

"బండి ఆగితేగాని కూర దొరకని వాళ్ళ పేర్లు ఇవి. నువ్వు లేకుండా ఇది తీసుకెళ్తే ముందు అడిగేది నీ గురించే. ఆపరేషనయి నాలుగో అంతస్తులో ఉన్న మనిషి పేరేదీ అంటారు."

నున్సియా పెన్ను తీసుకోలేదు.

"నేను సంతకం పెడితే దాని ఉద్యోగం పోతుంది."

"పోవచ్చు."

"నెలాఖరుకి పర్మినెంటు చేస్తారు. ఇంకా పన్నెండు రోజులే."

"నాకు రెండు రోజులే ఉన్నాయి నున్సియా."

"అది నిన్ను బాబాయ్ అని పిలిచేది."

"అందుకేగా పైకొచ్చాను. పిలవకపోతే పోలీస్‌స్టేషన్‌కే వెళ్ళేవాణ్ణి."

ఆమెకు రెండూ కనబడ్డాయి. ఇవానా కోటు మడిచి కవర్లో పెట్టుకుని ఇంటికి రావడం, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకోవడం. బుట్ట ఖాళీగా బాల్కనీ మూల పడి ఉండటం, డబ్బాల్లోని కూర తిని తొమ్మాసో నీరసపడటం, ఆసుపత్రి. ఆమె ఊహ ఎటు బయల్దేరినా ఆసుపత్రి దగ్గరే ఆగుతుంది.

తొమ్మాసో గొంతు సవరించుకున్నాడు. "నువ్వు పెట్టేది మీ నాన్న ఇంటిపేరుతో సంతకమేగా. కపాసో. రుయోక్కో కాదు. పేరు చూస్తే ఎవరికీ తెలీదు."

అది నిజమే. అక్కడ ఆడవాళ్ళకు పెళ్ళయినా పుట్టింటిపేరే కాగితాల మీద ఉంటుంది. నున్సియా పెన్ను తీసుకుంది. మొదటి గడిలో రాసింది. రెండో గడిలో సంతకం పెట్టింది. ఐదో క్లాసుతో ఆగిన చదువు, ఒక్కో అక్షరం ఒక్కో మెట్టు దిగినట్టు రాసింది.

మూడో గడి అడ్రసు.

పెన్ను ఆగిపోయింది. పద్నాలుగో నంబరు, నాలుగో అంతస్తు. అది రాస్తే పేరేదైనా ఒకటే.

"అది ఖాళీగా వదిలేస్తే?" అని అడిగింది.

"అడ్రసు లేని సంతకం చెల్లదు," అన్నాడు అనియెల్లో.

తలుపులో తాళం తిరిగింది.

ఇవానా మూడింటి విరామానికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ డబ్బా, లోపల తరిగిన పార్స్‌లీ, మూత మీద ధర చీటీ. వంటింట్లోకి వచ్చి ముగ్గుర్నీ చూసింది, సింకు చూసింది, బల్ల మీది కాగితాలు చూసింది. డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకునే నిలబడింది.

"బాబాయ్," అంది.

అనియెల్లో తల ఆడించాడు.

"నువ్వు చదివే పెట్టావా?" అంది నున్సియా. "చదవకుండా పెట్టావు కదూ? ఏవో కాగితాల మధ్యలో పెట్టి ఇచ్చుంటాడు. చూసుకోకుండా పెట్టేసి ఉంటావు."

తప్పించుకొమ్మని తల్లి తెరిచిన తలుపు అది. ఇవానా అందులోంచి వెళ్ళలేదు.

"కాగితాల మధ్యలోనే పెట్టాడమ్మా. కాని చదివాను. చదవలేదని చెప్పను."

"అతని అరుపుకి నీకు నిద్ర ఉండటం లేదా?" తొమ్మాసో గొంతు అంతకుముందెప్పుడూ అలా లేదు. "నిన్ను బడికి లేపింది ఎవరే? గడియారమా?"

"నాన్నా, పెట్టకపోతే పంపించేస్తానన్నాడు. మళ్ళీ తలలు కడుక్కోనా? నలభై ఏళ్ళు వచ్చేదాకా కడగనా? మీకు కూర తాజాగా ఉండాలి. నాకు జీతం ఉండకూడదు, అంతేనా?"

"ఎవరన్నారే ఆ మాట?"

"ఎవరూ అనలేదు. ఎవరూ ఏమీ అనరు ఈ ఇంట్లో."

అనియెల్లో లేవబోయాడు. ఇవానా డబ్బా బల్ల మీద పెట్టి, అతని ముందున్న రెండో కాగితం తన వైపు తిప్పుకుంది. పదకొండు పేర్లూ చదివింది. పన్నెండోది తల్లిది. పక్క గడి ఖాళీ.

"అమ్మా, పెన్ను."

"వద్దే."

"పెన్నివ్వు."

నున్సియా ఇవ్వలేదు. ఆమె వేళ్ళలోంచి ఇవానాయే తీసుకుంది. మూడో గడిలో సందు పేరు రాసింది, నంబరు రాసింది, నాలుగో అంతస్తు అని రాసింది. రాసిన చోటే ఆగకుండా కింది వరసలోకి వెళ్ళి తన పేరు రాసి సంతకం పెట్టింది. ఆర్ తోక పొడుగ్గా.

"ఇదేం పని పాపా!" అనియెల్లో కాగితం లాక్కున్నాడు, కాని ఆలస్యమైంది. "రెండింటి మీదా నీ పేరుంటే ఎలా? ఏది అబద్ధమని అడుగుతారు. రెండూ పక్కన పడేస్తారు. ఈ పదకొండు మందీ పోతారు."

"కొట్టెయ్," అన్నాడు తొమ్మాసో.

"కొట్టివేతలున్న కాగితం తీసుకోరు."

"అయితే గురువారం నేను వస్తాను," అంది ఇవానా. "ఏది అబద్ధమో నా నోటితో చెప్తా."

"మీ మేనేజరు ఎదురుగా నిలబడి ఉంటాడు."

"ఉండనీ."

"అబద్ధం రాసినందుకు నీ మీద కేసు పెట్టొచ్చు. అది కూడా తెలుసా?"

ఇవానాకు అది తెలియదని ముఖంలో కనిపించింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

అనియెల్లో రెండు కాగితాలూ కలిపి మడిచాడు. టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు.

"నువ్విలా చేస్తావని తెలిస్తే నేను పైకి వచ్చేవాణ్ణి కాదు," అన్నాడు. అది దీవెనో నిష్ఠూరమో నున్సియాకు అర్థం కాలేదు. తలుపు మూసుకుంది.

ముగ్గురూ మిగిలారు. ఇవానా గడియారం చూసుకుంది. విరామం ఇంకా పది నిమిషాలుంది. అంతవరకూ నిలబడే ఉండాలని నిర్ణయించుకున్నట్టు నిలబడింది.

నున్సియాకు అడగాల్సినవి చాలా ఉన్నాయి. కేసు పెడితే లాయరు ఎవరు, జైలుంటుందా, నెలాఖరు సంగతేమిటి.

"గురువారం నీకు పొద్దుటి డ్యూటీ కదే," అంది చివరికి.

"అవును."

"ఎన్నింటికి?"

"ఎనిమిదికి."

"మునిసిపాలిటీలో ఎన్నింటికి పిలిచారు?"

ఇవానా తండ్రి వంక చూసింది. నోటీసు చదివినవాడు తొమ్మాసో. ఆయన పేపరు మళ్ళీ విప్పుకున్నాడు కాని చదవడం లేదు.

"ఎనిమిదికే," అన్నాడు.